రాగిముద్ద పట్టిక

శివాజీనగర్ సందులో మా కొట్టుకి
ఇప్పటికీ వస్తారు ఒకరిద్దరు కుర్రాళ్ళు.
కొనడానికి కాదు. వేట లేని కాలంలో పుట్టి
వేట తూటాల పేర్లు కంఠతా పట్టినవాళ్ళు.
"అక్కా, అన్నిటికంటే గట్టిగా తన్నేది ఏది?"

గుండు బరువు, మందు బరువు, తుపాకి బరువు
లెక్కకట్టిన పట్టికలు గోడమీదే ఉన్నాయి.
నాకు తెలిసిన పట్టిక మాత్రం
మా వంటింట్లో, రాగిముద్ద పక్కన.

నాయన నాగలింగాచారి తుపాకి కర్ర చెక్కేవాడు.
పగిలిన మడమ అతికించి, అవిసెనూనె పట్టించి
కనకపుర రోడ్డు క్వారీలో తనే పేల్చి చూసేవాడు.
సాయంత్రం కాళ్ళు కడుక్కుంటుంటే
అమ్మ పొయ్యి దగ్గరనుంచే అడిగేది:
"ఇవాళ ఏ బోరు?"

త్రీ సెవెంటీఫైవ్ అయితే
తన ముద్ద తనే తుంచుకునేవాడు,
బస్సారులో ముంచి గుటుక్కున మింగేవాడు.
ఫోర్ నాట్ ఫోర్ అయితే కాస్త నెమ్మది.
ఫోర్ సిక్స్‌టీన్ అయితే ముద్ద లేదు, అన్నమూ చెంచా.
పేర్లు నమ్మొద్దనేవాడు.
ఫోర్ నాట్ ఫోర్ గుండు ఫోర్ సిక్స్‌టీన్ గుండుకన్నా
రెండు వెంట్రుకల లావెక్కువ.
పేరు చిన్నది, నడుము పెద్దది, నోరు మెత్తన,
అచ్చం మా మేనత్త.

ఫోర్ ఫిఫ్టీఎయిట్‌ది చెంపదెబ్బ,
చెప్పకుండా వస్తుంది.
ఫోర్ సెవెంటీ అలాక్కాదు, ఎద్దు నుదుటితో నెట్టినట్టు.
రెండు గొట్టాలు, అయిదు కిలోలు.
బరువు సగం కోపాన్ని తాగేస్తుంది,
మిగతాది భుజం తాగాలి.
ఆ రాత్రులు అమ్మే కలిపి పెట్టేది.
ఎడమచేత్తో తింటానంటే ఒప్పుకునేది కాదు.

ఫైవ్ సెవెంటీసెవెన్ ఒక్కసారే వచ్చింది, మైసూరు వైపునుంచి.
నా చిటికెనవేలు దాని నోట్లో సులువుగా దూరింది.
కర్ర అతికినన్నాళ్ళూ అమ్మ మాట్లాడలేదు.
క్వారీకి వెళ్ళే పొద్దున నాయన చెప్పులు దాచేసింది.

నాయన అందరికీ ఒక కథ చెప్పేవాడు.
తెల్లదొరల సర్కారు ఒకప్పుడు
ఫోర్ ఫిఫ్టీ బోరు ఈ దేశంలో కూడదంది.
కంపెనీలవాళ్ళు గొట్టాన్ని
అంగుళంలో యాభయ్యో వంతు వెడల్పు చేశారు.
ఫోర్ సెవెంటీ పుట్టింది.
"చట్టం గురి తప్పింది అంతే దూరంలో!"

ఆ రోజూ చెప్పాడు,
కొడగునుంచి ఫోర్ సెవెంటీ తెచ్చిన బెళ్ళియప్పగారికి.
గొట్టాల వెనక, బొటనవేలు ఆనేచోట, సన్నటి పగులు.
"భుజం ఏడవకపోతే కర్ర ఏడుస్తుంది సార్."
ఇత్తడి మేకు, జిగురు, పన్నెండు రోజుల ఆరుదల.
పేల్చి చూడ్డానికి మిగిలినవి రెండే తూటాలు,
ఆయన తండ్రి కొన్నవి, కిలుం పట్టి పచ్చబడ్డవి.

క్వారీ. నాకు పదిహేడేళ్ళు. చెవుల్లో దూది.
నాయన గురి పెట్టాడు.
నొక్కాడు.
టిక్.

పేలనిదానికి
నాయన భుజం ఎగిరింది.
కళ్ళు మూసుకుపోయాయి, గొట్టాలు జానెడు కిందికి వాలాయి.
నలభై ఏళ్ళుగా ప్రతి చప్పుడూ కప్పిపెట్టిన ఉలికిపాటు
ఏ చప్పుడూ లేక బయటపడింది.
నేను చూశాను. బెళ్ళియప్పగారు
దూరంగా కంకర లారీ ఒకటుంటే దాన్ని చూశారు.

ఆలస్యంగా పేలొచ్చు గనక
గొట్టాలు రాతివైపే ఉంచి అరవై దాకా లెక్కపెట్టాలి.
నాయన నూట ఇరవై దాకా లెక్కపెట్టాడు, పైకే.
రెండో తూటా వెయ్యలేదు.
అది ఇవాళ్టికీ మా గల్లాపెట్టెలో, చిల్లర కింద.

ఆ రాత్రి చొక్కా విప్పితే
కమిలిన మచ్చయినా లేదు.
కుడిచెయ్యి కంచం దాకా వచ్చి ఆగింది.
"నువ్వే పెట్టు" అన్నాడు.

అమ్మ ముద్ద తుంచింది.
ఏ బోరని అడగలేదు.